ఎనిమిదిన్నర వాన, యూటీసీ వాన: వంశధార, నాగావళి రికార్డులను ప్రపంచ డేటాతో కలపడం ఎలా?

గొట్టా_గట్టు
శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల మండల వర్షపు రిజిస్టర్లను టైపు చేసి, ఏ దేశం పరిశోధకులైనా నేరుగా వాడుకునేలా పెట్టాలన్నది పని. అదే పట్టికలో పక్కన నాసా ఐమెర్గ్ (ఉపగ్రహాల నుంచి కట్టిన) వాన, యూరప్ వాళ్ళ ఎరా5 (వాతావరణ మోడల్ లెక్కగట్టిన) వాన, ఐఎండీ (భారత వాతావరణ శాఖ) గ్రిడ్ వాన కూడా ఉండాలి. తర్వాతి విడతలో యూరప్ సెంటినెల్ ఉపగ్రహాల బొమ్మల నుంచి ముంపు, జీడి, కొబ్బరి తోటల మార్పు కలపాలి.

మొదటి తనిఖీలోనే పేచీ వచ్చింది. రిజిస్టరులో పెద్ద వాన పడిన తేదీకీ, ఐమెర్గ్ రోజువారీ ఫైలులో పెద్ద వాన తేదీకీ చాలాచోట్ల ఒక రోజు తేడా. కొన్ని ఏళ్ళలో తేడా లేదు, కొన్ని ఏళ్ళలో ఉంది. ఎక్కడ దిద్దాలి?

రికార్డు_పెట్టె
గొట్టా_గట్టు గారూ, తప్పు ఉపగ్రహానిదీ కాదు, వాన కొలిచే గేజీదీ కాదు. "రోజు" అన్న మాటకు ఇద్దరూ వేరే అర్థం చెప్పుకుంటున్నారు.

మన దగ్గర గేజీ ఉదయం 8:30కి చూస్తారు. ఆ అంకెను చూసిన రోజు తేదీ కిందే రాస్తారు. అంటే అక్టోబరు 12 అని రాసి ఉన్న వాన 11వ తేదీ 8:30 నుంచి 12వ తేదీ 8:30 దాకా పడినది. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) 11న 03:00 నుంచి 12న 03:00 దాకా. ఐమెర్గ్ రోజువారీ ఫైలు మాత్రం 00:00 నుంచి 24:00 యూటీసీ, అంటే మన గడియారంలో ఉదయం 5:30 నుంచి మర్నాడు 5:30 దాకా.

తిత్లీ తుపానునే తీసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున 4:30–5:30 మధ్య పలాస దగ్గర తీరం దాటింది. యూటీసీలో అది 10వ తేదీ రాత్రి 23:00–24:00. ఐమెర్గ్ రోజువారీ ఫైలులో ఆ గంట వాన 10వ తేదీ ఖాతాలో పడుతుంది, రిజిస్టరులో 11వ తేదీ ఖాతాలో. తీరం దాటాక 11 పగలంతా పడినది యూటీసీలో 11 కింద, రిజిస్టరులో 12 కింద చేరుతుంది. మీకు కనిపించిన ఒక రోజు తేడా ఇదే.

అందుకే రోజువారీ ఫైళ్ళు వాడొద్దు. అరగంట ఫైళ్ళు దించి, మన రోజును మనమే కట్టుకోవాలి. 12వ తేదీ గేజీకి సరిపోయేది 11న 03:00కి మొదలయ్యే ఫైలు నుంచి 12న 02:30కి మొదలయ్యే ఫైలు దాకా మొత్తం 48. ఐమెర్గ్ అంకె గంటకు మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కోదాన్ని 0.5తో గుణించి కూడాలి. అది మర్చిపోతే వాన రెట్టింపు అవుతుంది.

ఎరా5లో ప్రతి గంట అంకె, ఆ గంట ముగిసేటప్పటికి పోగైన వాన, మీటర్లలో. 11న 04:00 నుంచి 12న 03:00 దాకా ఉన్న 24 అంకెలు కూడి 1000తో గుణించండి. ఎరా5-ల్యాండ్ (నేల వరకే కట్టిన ఎరా5) దారి వేరు. అది 00:00 నుంచి పోగేస్తూ పోతుంది, ఆ రోజు మొత్తం మర్నాటి 00:00 అంకెలో ఉంటుంది. కాబట్టి 12న 00:00 అంకెలోంచి 11న 03:00 అంకె తీసేసి, 12న 03:00 అంకె కలపాలి. దాన్ని మామూలు ఎరా5లా 24 అంకెలూ కూడేస్తే ఒకే వానను పదే పదే లెక్కేసినట్టవుతుంది.

ఇక కొన్ని ఏళ్ళలో తేడా ఎందుకు లేదంటే, రాసే మనిషి మారినప్పుడు పద్ధతి మారి ఉంటుంది. కొందరు "నిన్నటి వాన" కదా అని నిన్నటి తేదీ కిందే రాస్తారు. దీన్ని పట్టుకోవడానికి ఏడాదికేడాది విడిగా, 50 మిల్లీమీటర్లు దాటిన రోజులు మాత్రమే తీసి, మీరు కట్టిన ఐమెర్గ్ వానతో ఒక రోజు వెనక్కి, అదే రోజు, ఒక రోజు ముందుకి మూడు రకాలుగా పోల్చండి. ఏది బాగా అతుకుతుందో చూస్తే ఆ ఏడాది పద్ధతి తెలిసిపోతుంది. చిన్న వానలు కలిపితే గందరగోళమే. దిద్దాక పాత తేదీని చెరపకండి. "రిజిస్టరు తేదీ", "దిద్దిన తేదీ" రెండు గళ్ళూ ఉండాలి.

మడ్డువలస_కాలువ
తేదీ కన్నా ముందు కొలగాజు చూడండి మాస్టారూ. మన రెయిన్ గేజీల్లో గరాటు 200 చదరపు సెంటీమీటర్లదీ ఉంది, 100దీ ఉంది. 200 గరాటుకు 1 మిల్లీమీటరు వాన అంటే 20 మిల్లీలీటర్ల నీళ్ళు, 100 గరాటుకు 10. గాజు పగిలినప్పుడు వేరే కొలత గాజు తెచ్చి పెడితే అప్పటి నుంచి వాన సగమో రెట్టింపో అవుతుంది. నెలవారీ మొత్తాల్లో ఒక తేదీ నుంచి పక్క మండలాలతో నిష్పత్తి ఒక్కసారిగా 0.5కో 2కో మారితే అది వాతావరణ మార్పు కాదు, గాజు మార్పు. గేజీ ఇంకా ఉన్నచోట 200 మిల్లీలీటర్లు పోసి చూస్తే చాలు, 200 గరాటైతే 10 మిల్లీమీటర్లు, 100 గరాటైతే 20 చూపాలి.

ఇంకా పాత పుస్తకాలైతే అంగుళాలు, సెంట్లు ఉంటాయి. ఇక్కడ సెంటు అంటే అంగుళంలో నూరో వంతు, 0.254 మిల్లీమీటర్లు.

ఖాళీ గడి, గీత, సున్నా మూడూ వేరు. టైపు చేసేవాళ్ళు మూడింటికీ సున్నా కొడితే లేని కరువు పుడుతుంది.

బొబ్బిలి_కోట
ఐఎండీ గ్రిడ్ గురించి రెండు ముక్కలు. 0.25 డిగ్రీల గ్రిడ్, 1901 నుంచి. అడ్డం 135, నిలువు 129 గళ్ళు, ఒక్కో అంకె 4 బైట్లు. రోజుకు 69,660 బైట్లు. కాబట్టి మామూలు ఏడాది ఫైలు సరిగ్గా 2,54,25,900 బైట్లు, లీపు ఏడాది 2,54,95,560 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తక్కువైనా దిగుమతి మధ్యలో తెగిందన్నమాట. లేని చోట −999 ఉంటుంది, సముద్రం మీద అంతా అదే. తీర మండలాలకు నాలుగు పక్క గళ్ళ సగటు తీసేటప్పుడు −999 కలిస్తే సోంపేటకు రుణ వాన వస్తుంది. ఈ గ్రిడ్ రోజు కూడా 8:30దే, కాబట్టి తేదీ గొడవ లేదు.

మన దగ్గర ఒక గడి సుమారు 26 కిలోమీటర్ల అడ్డం, 28 నిలువు. సీతంపేట కొండా, కింద పల్లమూ ఒకే గడిలో పడతాయి. గేజీతో తేడా వస్తే గేజీని అనుమానించకండి.

తంపర
ఎరా5లో మన కళింగపట్నం అబ్జర్వేటరీ రీడింగులు కూడా ఉంటాయంటారు కదా, మరి అక్కడి వాన ఎరా5లో ఎందుకు తప్పుతుంది?

రికార్డు_పెట్టె
వెళ్ళేది పీడనం, వాన కాదు. కళింగపట్నానికి ప్రపంచ వాతావరణ సంస్థ సంఖ్య 43105. అలాంటి స్టేషన్ల రీడింగులు రోజూ దేశాల మధ్య మార్పిడి అవుతాయి. ఎరా5 వాటిలోంచి పీడనాన్ని తీసుకుని గాలి స్థితిని సరిచేసుకుంటుంది. వాన మాత్రం ఆ స్థితి నుంచి మోడల్ లెక్కగట్టినదే, మన గేజీ అంకె అందులోకి వెళ్ళదు. అందుకే తుపాను దారి బాగానే పట్టుకున్నా, ఏ మండలంలో ఎంత కురిసిందో చెప్పడంలో తడబడుతుంది.

ఐమెర్గ్ ఫైనల్ (చివరిగా ఖాయం చేసిన రూపం) దీనికి తిరగబడి ఉంటుంది. అది సుమారు మూడున్నర నెలల ఆలస్యంతో వస్తుంది. జర్మనీలోని ప్రపంచ వాన రికార్డుల కేంద్రం జీపీసీసీ నెలవారీ గేజీ లెక్కతో దాన్ని సరిచేస్తారు. మీరు పోల్చే గేజీ ఆ లెక్కలో ఇప్పటికే ఉంటే మీ పోలిక గేజీని గేజీతో పోల్చినట్టే. పరీక్షకు ఐమెర్గ్ లేట్ (ఫైనల్ కన్నా ముందే వచ్చే రూపం) వాడండి, దానికి గేజీ దిద్దుబాటు ఆ రకంగా ఉండదు. వెర్షన్ 06 కోసం రాసిన ప్రోగ్రాం 07లో ఆగిపోతే కంగారు పడకండి, వాన గడి పేరు మారింది, అంతే. ఏ వెర్షనో ప్రతి వరుసలోనూ రాసి ఉంచండి.

ఇటీవలి నెలల ఎరా5 తాత్కాలికం, రెండు మూడు నెలల తర్వాత ఖాయం చేసినది వస్తుంది. రెండూ ఒకే ఫైలులో కలిసి వచ్చినప్పుడు గుర్తు గడి చూసి విడదీయాలి.

సువర్ణముఖి
మీరు మ్యాపుల్లోకి దిగకముందే ఇది చెప్పాలి. 84 డిగ్రీల రేఖాంశం శ్రీకాకుళం జిల్లాను నిలువునా చీలుస్తుంది. శ్రీకాకుళం పట్టణం దానికి పడమర. కళింగపట్నం, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం తూర్పు. యూటీఎం (చోటును మీటర్లలో చెప్పే పటాల పద్ధతి) 44వ జోను అక్కడే ముగిసి 45వ జోను మొదలవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు కూడా అక్కడే 65 నుంచి 74కి మారతాయి. ప్రపంచ వ్యవస్థకు ఇది ఒక గీత మాత్రమే, మన జిల్లాకు రోజూ తగిలే గట్టు.

ఏం జరుగుతుందంటే, ఈస్టింగ్ (తూర్పు దిశ కొలత) అంకె రాసి జోను రాయకపోతే కళింగపట్నం 44లో సుమారు 8,31,000 మీటర్లు, 45లో సుమారు 1,97,000 మీటర్లు. రెండూ సరైనవే. కలిపిన పట్టికలో జోను గడి లేకపోతే ఊరు ఎటో ఎగిరిపోతుంది. అందుకని పట్టికల్లో ఎప్పుడూ అక్షాంశ రేఖాంశాలే, దశాంశ డిగ్రీల్లో, డబ్ల్యూజీఎస్84 అని రాసి. టోపో షీటు నుంచి తీసిన బిందువైతే ఎవరెస్ట్ డేటమ్ (పాత పటాలు వాడిన భూమి ఆకారపు ఆధారం) నుంచి మార్చారా లేదా రాయండి. మార్చకపోతే కొన్ని వందల మీటర్లు పక్కకు పడుతుంది.

బొమ్మల పనికి మొత్తం జిల్లాను 44వ జోనులోకే (పటాల కోడు 32644) తెచ్చేయండి. జోను దాటి సాగదీస్తే వైశాల్యం తప్పుతుందన్న భయం అక్కర్లేదు, దూరపు కొస ఇచ్ఛాపురం దగ్గర కూడా తేడా 0.3 శాతమే. రంగుల బ్యాండ్లను బైలీనియర్‌తో (పక్క పిక్సెళ్ళ సగటుతో), మబ్బు వర్గాల పొరను మాత్రం దగ్గరి పిక్సెల్‌తోనే మార్చాలి. లేకపోతే "మబ్బు"కీ "నీరు"కీ సగటు తీసి లేని వర్గం పుట్టిస్తుంది. రెండు జోన్ల టైళ్ళు 84 దగ్గర ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అదే రోజు అదే బొమ్మ రెండుసార్లు లెక్కకొస్తుంది. తేదీ, కక్ష్య సంఖ్య చూసి ఒకటి తీసేయండి.

ఉద్దానం_జీడి
సువర్ణముఖి గారు చెప్పినవన్నీ చేశాక కూడా ఉద్దానంలో తోటలు 2022లో ఒక్కసారిగా చచ్చిపోయినట్టు కనిపిస్తే భయపడకండి. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఫైళ్ళలో ప్రతి అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేశాకే 10,000తో భాగించాలి.

ఎరుపు 500, పరారుణం 3000 ఉన్న మంచి జీడి తోటకు పచ్చదనపు సూచి (రెండింటి తేడాను మొత్తంతో భాగిస్తే) 2500 బై 3500, అంటే 0.71. అదే తోట కొత్త ఫైలులో 1500, 4000గా వస్తుంది. 1000 తీయకుండా లెక్కిస్తే 2500 బై 5500, అంటే 0.45. తిత్లీ తర్వాత తోటలు కోలుకున్నాయా లేదా అన్న లెక్క రైతుకు ప్రాణం లాంటిది. అందులో 1000 మర్చిపోయి "మళ్ళీ పోయాయి" అని రాస్తే ఆ రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుందో, ఎవరి ఖర్మ మారుస్తుందో ఆలోచించండి. కొన్ని వేదికలు ఆ 1000 ముందే తీసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కాబట్టి దిగుమతి ఎక్కడి నుంచో రాయాలి. సెంటినెల్ బొమ్మలిచ్చే పాత కోపర్నికస్ హబ్ 2023 అక్టోబరు చివర్లో మూతపడింది. దాని లింకులతో ఉన్న పాఠాలను పక్కన పెట్టండి.

మడ్డువలస_కాలువ
ముంపు సంగతి కూడా. రాడార్ బొమ్మలో నీరు నల్లగా వస్తుంది, కానీ ఉభాల (నాట్ల) రోజుల్లో మడి నిండా నీళ్ళే. జూలై, ఆగస్టుల్లో నాగావళి ఆయకట్టంతా వరదలాగే కనిపిస్తుంది. వరదకు ముందు బొమ్మ అదే కక్ష్య, అదే దిశలోది, నాట్లు పూర్తయ్యాక తీసినది తీసుకుని తేడా చూడాలి. సోంపేట బీల, తంపర భూములు ఎప్పుడూ తడే. వాటిని 1984 నుంచి అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌తో కట్టిన, యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం జేఆర్‌సీ నీటి పటంతో ముందే పక్కన పెట్టండి.

కొబ్బరి తోపుల కింద నీరు రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1కి కనిపించదు, దాని తరంగం 5.6 సెంటీమీటర్లే, ఆకుల మీదే ఆగిపోతుంది. నిసార్ రాడార్ ఉపగ్రహపు ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు, కొమ్మల్లోంచి దిగుతుంది. నాసా, ఇస్రో కలిసి 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పంపినది అదే. ఉద్దానం ముంపు పటాలకు దాని కోసం ఒక గడి ఇప్పుడే ఖాళీగా ఉంచండి.

పూసపాటిరేగ_తీరం
ఒక మాట అడగాలి. ఇంత కష్టపడి మన రిజిస్టర్లు శుభ్రం చేసి ఊరికే పెట్టేస్తే, బయటి వాళ్ళు పేపర్లు రాసుకుంటారు. మన మండలానికి దక్కేదేమిటి?

రికార్డు_పెట్టె
న్యాయమైన ప్రశ్న. ముందుగా, ఇప్పటికే మనం వాడుకుంటున్నది చూడండి. ల్యాండ్‌శాట్ 2008లో ఉచితం అయ్యాకే చిన్న కాలేజీలు కూడా 30 మీటర్ల బొమ్మలతో పని చేయగలిగాయి. బంగాళాఖాతం కింద ఎంత వేడి ఉందో చెప్పే ఆర్గో తేలియాడే పరికరాలు పదేసి రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకొచ్చి కబురు పంపుతాయి. వాటిని చాలా దేశాలు వదిలాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాటికి మన ప్రాంతీయ కేంద్రం. ఒకే డేటా ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ రెండు కేంద్రాల్లో ఉంటుంది, ఒకటి పడిపోయినా రెండోది ఉంటుంది.

అలా నకలు లేనిచోట ఏమవుతుందో కూడా చూశాం. 2021 డిసెంబరులో సెంటినెల్-1బీ విద్యుత్ లోపంతో ఆగిపోయింది. దాని చోటులో 1సీ 2024 డిసెంబరులో గానీ పైకి వెళ్ళలేదు. మధ్యలో రాడార్ బొమ్మలు పల్చబడ్డాయి. ఆ ఖాళీలో నేలమీది రికార్డు ఒక్కటే సాక్ష్యం. వంశధార ఒడిశాలో పుట్టి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన కురిసినది కింద తెలియాలంటే రెండు రాష్ట్రాల లెక్కా ఒకే రూపంలో ఉండాలి. దానికి దేశాల మధ్య ఒప్పుకున్న రూపం వాడితే కొత్తగా కొట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇంకోటి. పరిశోధనకు నిధులిచ్చే సంస్థలు 2009లో కలిసి పెట్టుకున్న బెల్మాంట్ ఫోరం 2015లో ఓపెన్ డేటా విధానం ఒప్పుకుంది. భారత్ నుంచి భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ అందులో ఉంది. అక్కడ నిధులు కోరేవాళ్ళు డేటా ఎలా దాస్తారో, ఎలా ఇస్తారో ముందే రాసివ్వాలి. మన రిజిస్టరుకు డీఓఐ (మారని డిజిటల్ గుర్తింపు సంఖ్య) ఉంటే వాళ్ళు దాన్ని ఉదహరించగలుగుతారు. పేరు దక్కే దారి అదే, దాచడం కాదు. పేరు చెప్పి వాడుకోవాలనే సీసీ బై 4.0 లైసెన్సు పెట్టండి.

పూసపాటిరేగ_తీరం
వానకు ఒప్పుకుంటాను. తాబేళ్ళ గూళ్ళకూ, సవర గూడేల పోడు భూములకూ ఒప్పుకోను.

తేలినీలాపురం_చెరువు
ఒప్పుకోవద్దు కూడా. అందరికీ తెలిసిన తేలినీలాపురం పెలికాన్లకు ఖచ్చితమైన చోటు ఇవ్వొచ్చు. ఆలివ్ రిడ్లీ గూడు జాడ మాత్రం 0.1 డిగ్రీకి కుదించి జీబీఐఎఫ్‌కి (ప్రపంచ జీవవైవిధ్య డేటా వేదిక) పంపండి. అనిశ్చితి గడిలో 7,700 మీటర్లు రాయండి, ఎందుకంటే మన అక్షాంశం దగ్గర ఆ గడి మధ్య నుంచి మూలకు సుమారు అంతే దూరం. కుదించామని డార్విన్ కోర్‌లో (జీవుల రికార్డులకు ఒప్పుకున్న పట్టిక రూపం) దానికున్న గడిలో చెప్పాలి. చెప్పకుండా కుదిస్తే గూళ్ళు పొలాల్లో ఉన్నాయని ఎవరో రాస్తారు. అసలు బిందువులు మీ దగ్గరే భద్రంగా ఉంచండి. ప్రతి రికార్డుకూ ఎన్నటికీ మారని సంఖ్య ఒకటి ఇవ్వాలి, వరుస సంఖ్య కాదు. ఫైలును తిరిగి క్రమపరిస్తే వరుస మారి జీబీఐఎఫ్‌లో ఒకే తాబేలు రెండుసార్లు పడుతుంది.

సవర గూడేల విషయంలో 2016 ఫెయిర్ సూత్రాలు (డేటా సులువుగా దొరికి, అతికి, మళ్ళీ వాడుకునేలా ఉండాలనేవి) చాలవు. ఆదివాసీల డేటా హక్కుల కోసం 2019లో వచ్చిన కేర్ సూత్రాలు చదవండి. గూడెం పెద్దలు ఒప్పుకోని పొర బయటికి రాకూడదు. ఒప్పుకున్నాక వద్దంటే తీసేసే దారి కూడా ముందే రాసి ఉండాలి.

గొట్టా_గట్టు
మండలాల పేర్ల పీట ముడి మిగిలింది. రాజాం, పాలకొండ ఒకప్పుడు శ్రీకాకుళంలో ఉన్నాయి.

బొబ్బిలి_కోట
2022 ఏప్రిల్ 4 నాటి మార్పులో రాజాం విజయనగరానికి, పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యానికి వెళ్ళాయి. జిల్లా మొత్తాలతో ధోరణి గీస్తే ఆ ఏడాది మెట్టు కనబడుతుంది. జిల్లా పేరు మీద లెక్క కట్టకండి. మండలం కోడు, ఆ హద్దు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రెండు గళ్ళు పెట్టండి. జిల్లా మొత్తం కావాలన్నవాళ్ళు వాళ్ళకు కావలసిన హద్దుతో కూడుకుంటారు.

టైపింగు పాత అను ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చకుండా పంపితే అవతలి వాళ్ళకు చెత్త అక్షరాలే కనబడతాయి. ఎక్సెల్‌లో 05/08 అంటే ఆగస్టు 5ను మే 8 చేసే ప్రమాదం ఉంది. గడిని ముందే టెక్స్ట్ చేసి 2018-08-05 అని రాయండి.

డేటా ఉచితంగా దాచే వేదిక జెనోడోలో ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా చోటుంది, మన పట్టికలకు అందులో మూల కూడా నిండదు. సీఎస్‌వీ, గళ్ళ అర్థం చెప్పే ఫైలు, రిజిస్టరు పేజీల ఫొటోలు కలిపి పెట్టండి. ఫొటోలు తప్పనిసరి. పదేళ్ళ తర్వాత ఒక 1 ఏమిటి, 7 ఏమిటి అని అడిగితే జవాబు వాటిలోనే ఉంటుంది.

తంపర
రిజిస్టరులో నెల మొత్తం లేనిచోట ఐమెర్గ్‌తో నింపెయ్యొచ్చా?

రికార్డు_పెట్టె
వద్దు. గేజీ గడి ఖాళీగానే ఉండాలి. ఐమెర్గ్ దాని సొంత గడిలో ఉంది కదా, కావలసినవాళ్ళు తీసుకుంటారు. ఒకసారి నింపి ప్రపంచానికి ఇస్తే, రేపు ఎవరో దాంతోనే ఐమెర్గ్‌ను పరీక్షిస్తారు.

సువర్ణముఖి
నది పేరు కూడా చూసుకోండి. ఒడిశా వైపు బంశధారా అంటారు, ఇంగ్లీషు పట్టికల్లో ఒకచోట "వం", ఒకచోట "వన్". ఒడిశాలోని కాశీనగర్ స్టేషన్ నీటి మట్టాన్ని గొట్టా బ్యారేజీతో కలిపేటప్పుడు పేరుతో వెతికితే సగం వరుసలు దొరకవు. కేంద్ర జల సంఘం స్టేషన్ కోడూ, హైడ్రోషెడ్స్ (ప్రపంచ నదీ పరీవాహకాల పటం) బేసిన్ సంఖ్యా రెండూ పెడితే ఏ స్పెల్లింగుతో వచ్చినా అతుకుతుంది.

గొట్టా_గట్టు
పెడతాను. ముందు 2018 అక్టోబరు పేజీలు తీసి, అన్ని మండలాలకూ 10, 11, 12 తేదీలు అరగంట ఐమెర్గ్‌తో సరిచూసి ఇక్కడే వేస్తాను. తేదీ జరిగిన మండలాల జాబితా, గాజు అనుమానం ఉన్నవి విడివిడిగా.